పాఠశాల చదరంగం జట్టుతో పోటీకి ప్రయాణం: ఊరు చూపించడం ఎప్పుడు, ఎవరికి?

నాలుగు బోర్డుల మాస్టారు:
అందరికీ నమస్కారం. నేను పాఠశాలలో గణితం బోధిస్తాను. చదరంగం జట్టు బాధ్యత కూడా ఈ ఏడాది నా మీదే పడింది. వచ్చే నెలలో నలుగురు ఆటగాళ్లను, ఒక రిజర్వు ఆటగాడిని వెంటబెట్టుకొని, ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో జరిగే జట్ల పోటీకి వెళ్తున్నాం. స్విస్ పద్ధతిలో మూడు రోజులకు 7 రౌండ్లు. ఒక్కొక్కరికి 60 నిమిషాలు, దానికి తోడు ఎత్తుకు 30 సెకన్ల అదనపు సమయం. ఆ ఊళ్లో పాత కోట, పెద్ద మ్యూజియం ఉన్నాయి. తల్లిదండ్రులు వెంట లేకుండా ప్రయాణం చేయడం ఈ ఐదుగురిలో ముగ్గురికి ఇదే మొదటిసారి.

నా ఇబ్బంది ఆట గురించి కాదు, ఊరు చూపించడం గురించి. రౌండ్ల మధ్య ఖాళీలో తిప్పితే పిల్లల మనసు తేలికపడుతుందని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. మొదటి ఐదు స్థానాలలో నిలిస్తేనే చూపించాలని, అప్పుడే పట్టుదల వస్తుందని పై అధికారి అభిప్రాయం. పోటీ ముగిసిన సాయంత్రమే రైలెక్కితే ఒక రోజు చదువు మిగులుతుందని మరొకరి సలహా. ఇంతకుముందు జట్లను తీసుకువెళ్లినవారు అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

ముప్పై సెకన్లు:
మాస్టారూ, ముందు గడియారం లెక్క చూసుకోండి. మీ ప్రశ్నలలో సగం అక్కడే తేలిపోతాయి. ఒక ఆట 60 ఎత్తులు సాగిందంటే ఒక్కొక్కరి 60 నిమిషాలకు మరో 30 నిమిషాలు కలుస్తాయి. ఇద్దరికీ కలిపి 3 గంటలు. అదే 100 ఎత్తులకు పోతే 3 గంటల 40 నిమిషాలు. పిల్లల ఆటలు చాలావరకు అంతకన్నా ముందే ముగుస్తాయి. కాని నాలుగు ఆటలలో ఏదో ఒకటి ఏనుగు, బంట్ల ముగింపులో పడి చివరిదాకా లాగుతుంది, ఆ ఒక్క ఆట తేలేవరకు మీరు హాలు వదిలి కదలలేరు. రోజుకు రెండు మూడు రౌండ్లున్నప్పుడు మధ్యలో మిగిలే సమయం భోజనానికి, కాసేపు నడుం వాల్చడానికి సరిపోతే గొప్ప.

ఇంకొక మాట. స్విస్ పద్ధతిలో ఓడిన జట్టు ఇంటికి పోదు. ఓడినా, గెలిచినా తమతో సమానమైన పాయింట్లున్న జట్టుతో తర్వాతి రౌండు ఆడవలసిందే. అంటే మొదటి రోజు దెబ్బతిన్నా మీకు ఖాళీ దొరకదు; చివరి రౌండు దాకా పిల్లలందరూ పనిలోనే ఉంటారు. ఊరు చూడటం ఏడో రౌండు తర్వాతి మాట.

నల్ల గడి:
నేను అంత ఖచ్చితంగా చెప్పలేను. ప్రపంచ స్థాయి చదరంగం ఒలింపియాడ్‌లోనే మధ్యలో విశ్రాంతి రోజు ఇస్తారు కదా. 2024లో బుడాపెస్ట్‌లో 11 రౌండ్లు జరిగితే, ఆరో రౌండు తర్వాత ఒక రోజు ఆట లేదు. పెద్దవారికే అవసరమైన విరామం పన్నెండేళ్ల పిల్లలకు అక్కరలేదా? రెండో రోజు సాయంత్రం ఒక గంట కోట గోడ మీద నడిస్తే కలిగే నష్టం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

ముప్పై సెకన్లు:
నల్ల గడి గారూ, ఒలింపియాడ్‌లో రోజుకు ఒక్క రౌండే ఉంటుంది. ఆరు రోజులు ఆడాక ఏడో రోజు విశ్రాంతి ఇవ్వడానికి, ఒకే రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆడిన పిల్లలను కోట ఎక్కించడానికి పోలిక లేదు. హాలు చుట్టూ పావుగంట నడిపించమంటే నేనూ ఒప్పుకుంటాను.

వరండా అమ్మ:
నేను ఆడను, ఆడేవారిని తీసుకువెళ్లి వరండాలో కూర్చునేదాన్ని. మంచి స్థానంలో నిలిస్తేనే ఊరు చూపించాలన్న మాస్టారి రెండో అంశం గురించే చెప్పాలనిపించింది, ఎందుకంటే ఆ నియమం మా ఇంటి దాకా వచ్చింది.

మా అబ్బాయి నాలుగేళ్ల క్రితం ఒక పాఠశాల జట్టులో నాలుగో బోర్డు, అంటే జట్టు వరుసలో నాలుగో ఆటగాడిగా, ఆడేవాడు. ఆఖరి రౌండులో గెలవవలసిన ఆటను డ్రా చేసుకున్నాడు, జట్టుకు పతకం పోయింది. మరునాడు ఊరు చూడటానికి బస్సు మాట్లాడారు. అందులో పతకం తెచ్చిన చిన్న తరగతుల జట్టు మాత్రమే వెళ్లింది. మా వాడి జట్టును గదిలో ఉంచి ఆటలు సమీక్షించుకోమన్నారు. చెడ్డ ఉద్దేశంతో అలా చేశారని నేను అనను. కాని వాడు ఆ తర్వాత ప్రతి ఆటలోనూ గెలిచే స్థితిలో ఉండి కూడా డ్రా అడగడం మొదలుపెట్టాడు. ఓడితే పోయేది ఒక పాయింటే కాదు, విహారం కూడా అనే లెక్క వాడి తలలో పడిపోయింది. ఆ భయం వదలడానికి ఏడాది పట్టింది.

ఊరు చూపించడానికి షరతు పెట్టకండి. బయలుదేరే ముందే, ఫలితం ఎలా ఉన్నా నాలుగో రోజు కోటకు వెళ్తున్నామని పిల్లలకు చెప్పేయండి.

పాత ఆర్బిటర్:
వరండా అమ్మ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. చాలాకాలం ఆర్బిటర్‌గా, అంటే ఆట నియమాలు చూసే నిర్ణేతగా, హాలులో నిలబడినవాడిగా కొన్ని సంగతులు చేర్చుతాను.

మొదటిది, తిరుగు ప్రయాణం. చివరి రౌండు పూర్తయినంత మాత్రాన స్థానాలు తేలవు. మ్యాచ్ పాయింట్లు (జట్టు గెలిస్తే 2, డ్రా అయితే 1) సమానమైన జట్లను విడదీయడానికి బుఖోల్జ్ వంటి టైబ్రేక్ లెక్కలు వేయాలి. బుఖోల్జ్ అంటే మీ ప్రత్యర్థులు సాధించిన పాయింట్ల మొత్తం. అందువల్ల మీరు రెండో రౌండులో ఓడించిన జట్టు ఇప్పుడు ఎక్కడో మూల బల్ల దగ్గర ఇంకా ఆడుతుంటే, మీ స్థానం దాని ఆట మీద కూడా ఆధారపడుతుంది. బహుమతి ప్రదానం ఆలస్యం కావడానికి సగం కారణం ఇదే. ఆ సాయంత్రమే రైలు ఉన్న జట్ల పిల్లలు చివరి ఆటలో బల్ల కంటే గోడ గడియారాన్నే ఎక్కువగా చూడటం నేను ఎన్నోసార్లు గమనించాను. మరునాటి రాత్రి రైలుకు టికెట్లు తీసుకోండి. ఊరు చూడటానికి కావలసిన పగలు దానంతట అదే దొరుకుతుంది.

రెండవది, ఫోను. ఫోను తేవడానికి అనుమతి ఉందో లేదో నిర్వాహకుల నిబంధనలలో చూడండి. సంచిలో పెట్టుకోనిచ్చినా పూర్తిగా ఆపివేసి ఉండాలి, మోగితే ఆట పోయినట్లే. 2003 అక్టోబరు 11న ప్లోవ్‌దివ్‌లో, యూరప్ జట్ల పోటీ మొదటి రౌండులోనే, ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్ రుస్లాన్ పొనొమరియోవ్ ఫోను మోగి ఆట కోల్పోయాడు. ఆ రోజు అతని ఇరవయ్యవ పుట్టినరోజు. అందువల్ల ఫోన్లన్నీ మీ దగ్గర పెట్టుకోండి, ఆట వేళల్లో పిల్లలకు ఫోను చేయవద్దని తల్లిదండ్రులకు ముందే చెప్పండి.

మూడవది నేను అందరికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది. మీరు నలుగురి గురించి రాశారు, ఐదో పిల్లవాడి గురించి ఒక్క పదంతో సరిపెట్టారు. అతనిని ఎన్ని రౌండ్లు ఆడించబోతున్నారు?

నాలుగు బోర్డుల మాస్టారు:
ఆర్బిటర్ గారూ, నిజం చెప్పాలంటే ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే తప్ప అతనిని ఆడించే ఆలోచన నాకు లేదు. నాలుగో బోర్డుకూ అతనికీ ఆటలో తేడా బాగానే ఉంది.

పాత ఆర్బిటర్:
అందరూ అలాగే అనుకుంటారు. రిజర్వు ఆటగాడిని దించడమంటే నాలుగో బోర్డును పక్కన పెట్టడమే కానక్కరలేదు. ఉదాహరణకు రెండో బోర్డుకు విశ్రాంతి ఇస్తే మూడో బోర్డు రెండులోకి, నాలుగు మూడులోకి జరుగుతాయి, రిజర్వు ఆటగాడు నాలుగో బల్ల దగ్గర కూర్చుంటాడు. నమోదు చేసిన వరుస మారకూడదు. దీనితో రంగులు కూడా మారతాయి. మొదటి బోర్డుకు తెల్లపావులు వచ్చిన జట్టుకు మూడో బోర్డులోనూ తెలుపే, రెండు నాలుగులలో నలుపు వస్తాయి. నలుపుతో వరుసగా ఆడి విసిగిన పిల్లవాడికి ఒక్క బోర్డు పైకి జరగడంతో తెలుపు దొరకవచ్చు. జట్టు కూర్పు ఇవ్వవలసిన గడువు రౌండుకు ముందే ముగుస్తుంది కనుక ఈ లెక్క ముందు రాత్రే వేసుకోవాలి.

2024 ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత పురుషుల జట్టునే చూడండి. 11 రౌండ్లకు 44 ఆటలు. అందులో గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్ తలా 10 ఆడారు, అర్జున్ 11 ఆడాడు, పెంటేల హరికృష్ణ 3 మాత్రమే ఆడాడు. ఆ మూడు ఆటల వల్లనే గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్‌లకు ఒక్కొక్క రోజు విశ్రాంతి దొరికింది. జట్టు 22కు 21 మ్యాచ్ పాయింట్లు సాధించింది. హరికృష్ణ మెడలో పడినదీ అదే స్వర్ణం.

అర పాయింటు:
అందరూ విహారం వైపే మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు నేను చెబుతాను. పోటీ ముగిసిన మరునాడే ఆటల జ్ఞాపకం తాజాగా ఉంటుంది. ఆ రోజంతా కోటలో ఫోటోలకు ఖర్చుచేస్తే, ఏడు రౌండ్లలో జరిగిన తప్పులు వారం తర్వాత కాగితం మీద గీతలుగా మిగులుతాయి. ఎత్తులు రాసిన కాగితంలో ఏ ఎత్తు వేశామో ఉంటుంది కాని, అప్పుడు ఏమనుకొని వేశామో ఉండదు. రేటింగ్ ఉన్న పోటీ అయితే ఇది మరీ ముఖ్యం. రేటింగ్ 2300కు చేరని పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు, అది ఎంత మారాలో తేల్చే గుణకం 40 కనుక, సమాన రేటింగ్ ఉన్నవారి చేతిలో ఒక్కసారి ఓడితే 20 పాయింట్లు పోతాయి. మళ్లీ అదే తప్పు చేయకుండా చూడటం మన పని కాదా?

వరండా అమ్మ:
అర పాయింటు గారూ, మీ మాటలో న్యాయం ఉంది. అయితే ఓడిన రాత్రి మీరు పిల్లవాడి ఎదుట బల్ల పరిస్తే వాడు బల్లను చూడడు, మీ ముఖం చూస్తాడు. ఎక్కడ ఏమనుకున్నారో ప్రతి ఆట చివర రెండు వాక్యాలు రాసిపెట్టుకోమనండి. సమీక్ష రైలులో చేసుకోవచ్చు.

ప్రయాణం ఏర్పాట్ల గురించి కూడా చెప్పాలి. ఇంటి నుంచి తీసుకునే అంగీకార పత్రంలో పోటీ గురించి మాత్రమే కాక నాలుగో రోజు వెళ్లే చోట్ల గురించి కూడా రాయించండి, లేకపోతే మెట్ల మీద ఎవరి కాలైనా బెణికినప్పుడు అడగకుండా తీసుకువెళ్లారనే మాట వస్తుంది. ఏ పిల్లవాడికి ఏ మందు పడదో, ఎవరికి ఎత్తైన చోట్లంటే భయమో ముందే అడగండి. జట్టులో అమ్మాయిలుంటే వెంట ఒక ఉపాధ్యాయిని తప్పనిసరిగా ఉండాలి. మ్యూజియంలలో పెద్దవారు విడివిడిగా నడుస్తుంటే పిల్లలు తేలికగా తప్పిపోతారు; లోపలికి అడుగుపెట్టగానే, విడిపోతే ఎక్కడ నిలబడాలో ఆ చోటు చూపించండి.

నాలుగు బోర్డుల మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. మరునాటి రాత్రి రైలుకు టికెట్లు తీసుకున్నాను. షరతు లేకుండా నాలుగో రోజు కోటకు, మ్యూజియానికి వెళ్తామని పిల్లలకు చెప్పాను. పై అధికారి కొంచెం గొణిగి ఒప్పుకున్నారు. రిజర్వు పిల్లవాడు కనీసం రెండు రౌండ్లు ఆడతాడు. తిరిగి వచ్చాక రాస్తాను.

నాలుగు బోర్డుల మాస్టారు:
తిరిగి వచ్చాం. ఆలస్యానికి మన్నించండి, సమాధాన పత్రాలు దిద్దే రోజులు.

7 రౌండ్లలో 3 గెలిచాం, 2 డ్రా చేశాం, 2 ఓడిపోయాం. 14కు 8 మ్యాచ్ పాయింట్లు. పతకాల దరిదాపుల్లో లేము. మొదటి రౌండులోనే బలమైన జట్టు చేతిలో నాలుగు బల్లల మీదా ఓడాం. పిల్లలు బిక్కచచ్చిపోయారు. రెండో రౌండులో తమలాంటి జట్టే ఎదురయ్యేసరికి తేరుకున్నారు. స్విస్ పద్ధతి గురించి ఇక్కడ చెప్పిన మాటలే వాళ్లకు చెప్పాను.

రెండో రోజు మధ్యాహ్నం నాలుగో బోర్డుకు ఒక చేదు అనుభవం ఎదురైంది. కోట కట్టబోయి (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) ముందు ఏనుగును పట్టుకొని, ఆ తర్వాత రాజును తాకింది. ప్రత్యర్థి చేయెత్తి ఆర్బిటర్‌ను పిలిచాడు. ఆ వైపు కోట కట్టడానికి వీల్లేదని, తాకిన ఏనుగునే కదపాలని ఆయన చెప్పాడు. ఏనుగు కదిలాక ఆ వైపు కోట కట్టే హక్కు ఎలాగూ పోయింది. ఆ అమ్మాయి ఆట ఓడిపోయి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి నన్ను అడిగిన ప్రశ్న ఇది: రెండు పావులూ కదపాల్సిన ఎత్తులో ముందు దేన్ని తాకాలో ఇంతవరకు మీరు ఎందుకు చెప్పలేదు? నా దగ్గర జవాబు లేదు. ఇంటి దగ్గర ఎప్పుడూ ఫోను తెర మీద ఆడే పిల్లలకు చేతితో తాకడం గురించి నేర్పాలని నాకు తట్టలేదు.

రిజర్వు పిల్లవాడు చివరికి మూడు రౌండ్లు ఆడాడు. ఒకటి గెలిచాడు, రెండు ఓడాడు. అయితే నేను రాయదలచుకున్నది అతను ఆడని నాలుగు రౌండ్ల గురించి. హాలు బయట ఊరికే కూర్చోలేక, నిర్వాహకులు పంచిన ఊరి పటం తీసుకొని, నాలుగో రోజు ప్రయాణమంతా ఒక కాగితం మీద వేశాడు. ఎక్కడి నుంచి ఎక్కడికి నడవాలి, ఎండ ఎక్కకముందే కోట ఎందుకు చూడాలి, తలుపులు ఎన్ని గంటలకు మూస్తారు, అన్నీ రాశాడు. ఆ పనిలోనే మేము అనుకున్న రోజున మ్యూజియానికి వారపు సెలవని కనిపెట్టాడు. నేను ఆ సంగతి చూసుకోనే లేదు. దాంతో మూడో రోజు చివరి రౌండు ముగిసి, బహుమతి ప్రదానం ముందు దొరికిన గంటన్నరలో, హాలుకు దగ్గరే ఉన్న మ్యూజియానికి పరుగెత్తాం. ముందుగా పతకాలు ఆశించిన జట్ల పిల్లలు నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. మాకు ఆ బాధ లేదు.

అక్కడ ఒక అద్దాల పెట్టెలో దంతపు చదరంగం పావులు ఉన్నాయి. ఏది ఏ పావో చెప్పే చీటీ లేదు. ఏనుగు మీద కూర్చున్న మనిషి రాజా, మంత్రా, లేక అది మనం ఏనుగు అనే మూల పావేనా అని ఐదుగురూ అరగంట వాదించుకున్నారు. కాపలాదారు రెండుసార్లు వచ్చి గొంతు తగ్గించమన్నాడు. చతురంగం అంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అని నేను చెప్పాను; మంత్రి ఒకప్పుడు ఒక్క గడి మాత్రమే, అదీ ఐమూలగా కదిలేదని, ఇప్పటి బలం పదిహేనో శతాబ్దం చివర యూరప్‌లో వచ్చిందని చెప్పేసరికి మా మొదటి బోర్డు నమ్మలేదు. ఇంటికి వచ్చాక చూపిస్తానని ఒప్పించాను.

మరునాడు కోట. దాని గురించి ఎక్కువ రాయను. ఎక్కాం, దిగాం, నీళ్లు తాగాం, ఫోటోలు తీసుకున్నాం.

నల్ల గడి:
మాస్టారూ, కోట కట్టే నియమం గురించి ఒక సందేహం. ఒకేసారి రెండు చేతులతో రాజును, ఏనుగును పట్టుకుంటే?

పాత ఆర్బిటర్:
ప్రతి ఎత్తునూ ఒకే చేతితో వేయాలి. కోట కట్టడమైనా, పావు చంపడమైనా, బంటును మంత్రిగా మార్చడమైనా అంతే. ముందు రాజును రెండు గడులు జరిపి, అదే చేతితో ఏనుగును దాటించి, అదే చేతితో గడియారం నొక్కమని నేర్పండి. ఇంకొకటి కూడా నేర్పండి. బంటు చివరి వరుసకు చేరాక దాని స్థానంలో మంత్రిని పెట్టకుండా గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. మీరు ఆడినలాంటి ఎక్కువ సమయం ఉండే క్లాసికల్ ఆటలో మొదటిసారి చెల్లని ఎత్తుకు ప్రత్యర్థికి 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారి ఆట పోతుంది. మంత్రి పావు దొరకకపోతే తలకిందులు ఏనుగు పెట్టకూడదు, దాన్ని ఏనుగుగానే లెక్కిస్తారు. గడియారం ఆపి ఆర్బిటర్‌ను అడగాలి.

అర పాయింటు:
అద్దాల పెట్టె ముందు అరగంట వాదించుకున్నారని చదివాక నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. మీ పిల్లలకు లూయిస్ పావుల ఫోటోలు చూపించండి. 1831లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో బయటపడినవి, ఎక్కువగా వాల్రస్ దంతంతో చెక్కినవి, పన్నెండో శతాబ్దం నాటివని చెబుతారు. ఇప్పుడు 82 వస్తువులు బ్రిటిష్ మ్యూజియానివి, 11 స్కాట్లాండ్ జాతీయ మ్యూజియానివి. వాటిలో మూల పావు ఏనుగూ కాదు, బురుజూ కాదు. డాలు పట్టిన కాలి భటుడు. కొందరు భటులు డాలు అంచును పళ్లతో కొరుకుతూ ఉంటారు. మీ నాలుగో బోర్డుకు నచ్చుతుంది.

సమీక్ష సంగతి మాత్రం ఏమైంది?

నాలుగు బోర్డుల మాస్టారు:
రాత్రి రైలులో జరిగింది. మా మూడో బోర్డు ఆరో రౌండులో రాజు, ఒక్క బంటు మిగిలిన ముగింపును డ్రా చేసుకున్నాడు. అది గెలవవలసినదని అతనికి తెలుసు, ఎలాగో తెలియదు. ఆట చివర అతను రాసుకున్న వాక్యం "బంటును త్వరగా నడిపితే మంత్రి అవుతుందనుకున్నాను" అని ఉంది. బెర్తు మీద అయస్కాంతపు బల్ల పరిచి ఆ స్థితి పెట్టాం. బంటు ఇ5 గడిలోనే ఆగి, తెల్లరాజు దానికి సరిగ్గా ముందున్న ఇ6 గడికి చేరితే ఎత్తు ఎవరిదైనా తెలుపు గెలుస్తుంది. నాలుగో బోర్డు, రిజర్వు ఆటగాడు నల్లరాజును పట్టుకొని ఎన్ని దారుల్లో పరుగెత్తించినా డ్రా దొరకలేదు. మూడో బోర్డు తెల్లరాజుతో పదిసార్లు గెలిచాడు. పదకొండోసారి కూడా ఆడతానన్నాడు కాని, కింది బెర్తు పెద్దాయన దీపం ఆర్పమన్నారు.

ఉదయం ఆరింటికి దిగాం. ఐదుగురినీ, ఐదు సంచులనూ రెండుసార్లు లెక్కపెట్టి తల్లిదండ్రులకు అప్పగించాను.